కంది చేలో మందు మానేయాలా?

సందేహం: మూడెకరాల కంది పూత మీద ఉంది. శనగపచ్చ పురుగు కనబడుతోంది. మందు కొడదామంటే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, ‘రేచల్ కార్సన్ గురించి చదివాను, పిట్టలు చస్తాయి, వద్దు నాన్నా’ అంటోంది. ఎవరండీ ఈవిడ? అసలు మందే కొట్టొద్దన్నారా?
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: పిట్టల సంగతి మీ అమ్మాయి సరిగ్గానే చెప్పింది. మందే కొట్టొద్దని మాత్రం కార్సన్ అనలేదు. ప్రమాదం తెలియనివాళ్ల చేతికి విషాన్ని విచ్చలవిడిగా ఇవ్వడం మీదే ఆవిడ అభ్యంతరం.

ఆవిడ 1907లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. జంతుశాస్త్రం చదివి, ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేస్తూ సముద్రం గురించి రాసేవారు. 1958లో మసాచుసెట్స్ నుంచి స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. దోమల కోసం విమానంతో డీడీటీ అనే పురుగుమందు చల్లితే పెరట్లో పిట్టలు చచ్చిపడ్డాయట. నాలుగేళ్లు శ్రమపడి 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే పుస్తకం తెచ్చారు. పురుగుమందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. అప్పటికే రొమ్ము క్యాన్సర్. 1964లో, 56 ఏళ్లకే పోయారు.

ఆ పుస్తకంలో నేను మరిచిపోలేనిది ఎల్మ్ చెట్ల సంగతి. తెగులు మోసే పెంకుపురుగు కోసం చెట్లకు డీడీటీ కొట్టారు. రాలిన ఆకును వానపాములు తిన్నాయి. వాటి ఒంట్లో మందు పేరుకుంది. మరుసటి వసంతంలో రాబిన్ పిట్టలు ఆ వానపాముల్ని తిని గిలగిలా కొట్టుకుని చచ్చాయి. వాటి మీద ఒక్క చుక్కయినా పడలేదు!

మన దేశంలో సాగుకు డీడీటీని 1989లోనే నిషేధించారు. ఎవరు అమ్మజూపినా కొనకండి.

ఇక మీ చేను. సాళ్ల మధ్య పాత చీరో పట్టానో పరిచి మొక్కల్ని గట్టిగా ఊపండి. రాలిన పురుగుల్ని ఏరి చంపండి. విసుగు పనే, కానీ పెద్ద పురుగుకు మందు కన్నా ఇదే మేలు. ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టేవి) పెట్టండి. చేనుకన్నా అడుగు ఎత్తుగా ఎకరాకు 20 పంగలకర్రలు పాతితే ఏట్రింతలు, గోరింకలు వాలి పురుగును ఏరుకుంటాయి. పిల్ల పురుగులున్నప్పుడే అజాడిరక్టిన్ 1500 పీపీఎం వేపమందు లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున కొట్టండి. అప్పటికీ తగ్గకపోతేనే క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు లీటరు నీటికి 0.3 మి.లీ.; అదీ తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం పూట. దుకాణంలో చెప్పారని రెండు మూడు మందులు కలపొద్దు.

ఏ కర్ర మీద ఎన్ని పిట్టలు వాలుతున్నాయో లెక్క రాసే పని మీ అమ్మాయికే అప్పజెప్పండి.