పాత బండి ప్రశ్నలు: వైరింగ్ కిట్ మొత్తం మార్చాలా, ఉన్నదే బాగుచేసుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కరెంటు గురించే ఉన్నాయి కాబట్టి, కార్బురేటర్ వాళ్లు కాస్త ఓపిక పట్టాలి, మీ వంతు వచ్చే నెల.

ప్రశ్న: మా నాన్నగారి బుల్లెట్ 350, ఆరు వోల్టుల పాత మోడల్, పాయింట్లదే. హారన్ కొడితే హెడ్‌లైట్ మినుకుమంటుంది. రాత్రిపూట లైటు వేసినా వేయనట్టే ఉంటుంది. ఈమధ్య హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పితే ఇంజన్ ఆగిపోతోంది కూడా. మెకానిక్ చూసి "కిట్ మొత్తం మార్చేద్దాం సార్" అంటున్నాడు. మార్చేయమంటారా? – రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

మార్చాలో వద్దో చూసి చెప్పాలి గానీ విని చెప్పేది కాదు. అయితే మీరు చెప్పిన మూడో లక్షణంతో సగం పని అయిపోయింది. హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఆగుతోందంటే స్టీరింగ్ తల దగ్గర, కిట్ (బండి వైర్లన్నీ కలిపి చుట్టిన కట్ట) వంగే చోట, ఏదో ఒక వైరు లోపల తెగి ఉంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోయి రెండో మూడో మిగులుతాయి. హ్యాండిల్ తిన్నగా ఉన్నంతసేపు ఆ మూడు పోగులే బండిని నడిపిస్తుంటాయి.

ఇక్కడే చాలామంది మల్టీమీటర్‌తో మోసపోతారు. మీటర్‌ని బీప్ మీద పెట్టి రెండు చివర్లూ ముట్టిస్తే బీప్ వస్తుంది, "వైరు బాగానే ఉంది" అనుకుంటారు. ఒక్క పోగు ఉన్నా బీప్ వస్తుందండీ. దాని గుండా ఆరు ఆంపియర్లు పోవాలంటే మాత్రం కుదరదు. అందుకే వైరుకి పని చెప్పి పరీక్షించాలి. హెడ్‌లైట్ వేసి ఉంచి, మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక చివర బ్యాటరీ ప్లస్‌కి, రెండో చివర డూమ్ (హెడ్‌లైట్ ఉండే గిన్నె) లోపల బల్బుకి కరెంటు వచ్చే పిన్నుకి తగిలించండి. ఎంత చూపిస్తే అంత వోల్టేజీ దారిలో పోతోందన్నమాట. ఆరు వోల్టుల బండిలో 0.3 దాటితే వెతకడం మొదలుపెట్టాలి. తర్వాత ఇదే పని ఎర్త్ వైపు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిలో చేయండి: ఒక చివర బల్బు హోల్డర్ ఎర్త్‌కి, రెండోది బ్యాటరీ మైనస్‌కి. చాలా బండ్లలో జబ్బు ఇటువైపే దొరుకుతుంది. ఒక ముఖ్యమైన మాట, మరీ పాత బండ్లలో బ్యాటరీ ప్లస్సే బాడీ ఎర్త్‌గా ఉండేది, కాబట్టి బాడీకి ఏది బిగించి ఉందో ముందు చూసుకోండి.

ఒక వోల్టు పోతే ఏమవుతుందిలే అనుకోకండి. ఆరులో ఒకటి పోయి బల్బుకి ఐదే అందితే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది, ఫిలమెంట్ బల్బు తీరే అంత. పైగా 35 వాట్ల బల్బు పన్నెండు వోల్టుల్లో మూడు ఆంపియర్లు లాగితే ఆరు వోల్టుల్లో ఆరు లాగుతుంది. కరెంటు రెట్టింపు, దారిలో పోయే వోల్టేజీ కూడా రెట్టింపు. పాతకాలం బుల్లెట్ లైటు అంటే అందరూ జోకులేస్తారు గానీ, కనెక్షన్లన్నీ శుభ్రం చేసిన ఆరు వోల్టుల లైటు మీరనుకున్నంత అధ్వాన్నంగా ఉండదు.

ఇక అమీటర్, బ్యాటరీలోకి కరెంటు వస్తోందో బయటికి పోతోందో చూపే ముల్లు మీటరు. ఆ బండిలో దాదాపు మొత్తం కరెంటు దాని గుండానే పోతుంది కదా, డూమ్ లోపల దాని వెనక రెండు స్టడ్‌ల నట్లు వదులైతే బండి మొత్తానికీ మూర్ఛ వచ్చినట్టు ఉంటుంది. బిగించే ముందు బ్యాటరీ తీసేయండి, అక్కడ స్పానర్ జారితే నిప్పురవ్వలే. అన్నట్టు అమీటర్ ఉన్నందుకు ఒక లాభం కూడా ఉంది. కీ ఆన్ చేసి, డీకంప్రెసర్ (ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలే లివర్) నొక్కి కిక్ మెల్లగా కిందికి దించుతూ ముల్లు చూడండి. పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంటుని కలిపి విడదీసే స్విచ్చు) కలిసినప్పుడు మైనస్ వైపు వాలుతుంది, విడిపోయినప్పుడు మధ్యకి వస్తుంది. ముల్లు అలా ఊగుతుంటే కాయిల్ దాకా కరెంటు వస్తోందని అర్థం, స్పార్క్ రాకపోతే అటుపైన వెతకండి. ముల్లు కదలనే లేదంటే కీ, కిట్, పాయింట్లు, వీటిలోనే ఏదో ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ట్యాంకు దించి కిట్ మీద టేపు రెండుమూడు చోట్ల కోయండి. ఒక వైరు చివర అంగుళం తొడుగు ఒలిచి చూడండి. రాగి ఎర్రగా మెరుస్తూ, తొడుగు వంచితే వంగుతూ ఉంటే కిట్ బతికే ఉంది, స్టీరింగ్ దగ్గర తెగిన వైర్ల మేరకు కొత్త ముక్కలు వేసి, చివర్లన్నీ కొత్త పిన్నులు కొట్టించుకుంటే చాలు. రాగి నల్లబడి, ఇంకో అంగుళం ఒలిచినా నల్లగానే ఉంటే, లేదా తొడుగు వంచగానే పటుక్కున పగిలితే, ఇక అతుకులు వద్దు. మీ మెకానిక్ మాటే రైటు, మొత్తం మార్చండి. నల్లబడిన రాగికి టంకం అంటదు, పిన్ను పట్టదు, ఒక చోట బాగుచేస్తే పక్కన పోతుంది. ఎలకలు కొరికిన కిట్ అయితే చూసుకోనక్కర్లేదు, అవి ఒక్కచోట కొరికి ఊరుకోవు.

మార్చేటట్టయితే రెడీమేడ్ కిట్ కొనేముందు షాపులో "బుల్లెట్ కిట్ ఇవ్వండి" అంటే సరిపోదు. ఏ సంవత్సరం, ఎన్ని వోల్టులు, పాయింట్లా ఎలక్ట్రానిక్కా, ఇండికేటర్లు ఉన్నాయా లేవా, ఇవన్నీ చెప్పాలి. తర్వాతి మోడల్ కిట్ మీ చేతిలో పెడితే కప్లర్లు వేరు, రంగులు వేరు, మిగిలిపోయిన వైర్లు డూమ్‌లో కుక్కి మూత బలవంతంగా బిగిస్తారు. నన్నడిగితే పాత కిట్టే నమూనాగా పెట్టుకుని కొత్తది కట్టించుకోవడం మేలు. విజయవాడ ఆటోనగర్ మీకు దూరం కాదు, అక్కడ ఆటో ఎలక్ట్రీషియన్లు ఇది నిత్యం చేసే పని. పాతది తీసేముందు ప్రతి చివరా ఫోన్‌తో ఫొటో తీసి, గుడ్డ టేపు ముక్క చుట్టి దాని మీద "హారన్", "బ్రేక్ లైట్ స్విచ్" అని ఎక్కడికి పోతుందో రాయండి. రంగు రాయకండి, నలభై ఏళ్లలో ఎంతమంది ఏ రంగు దొరికితే ఆ రంగు ముక్క వేశారో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత పాత కిట్‌ని ప్లైవుడ్ మీద పరిచి, కొమ్మలు చీలే ప్రతి చోటా మేకులు కొట్టి, ఆ దారినే కొత్త వైర్లు పరుచుకుంటూ పోవాలి. హ్యాండిల్ వైపు పోయే కొమ్మ మాత్రం రెండుమూడు అంగుళాలు ఎక్కువ ఉంచండి, అది బిగుసుకుంటే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

మెయిన్ వైర్లు, హెడ్‌లైట్ వైరు ఆరు వోల్టులకి కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్లు (షాపులో "ఒకటిన్నర ఎంఎం" అంటే ఇస్తారు), బ్యాటరీ నుంచి అమీటర్ దాకా 2.5 అయితే ఇంకా మంచిది. సన్నటి 0.5 వైరు రెండు మీటర్లు వేసి ఆరు ఆంపియర్లు పంపితే ఆ వైరులోనే దాదాపు అర వోల్టు పోతుంది. చుట్టడానికి జిగురు లేని హార్నెస్ టేపు అడగండి. మామూలు ఇన్సులేషన్ టేపు మన మే నెల ఎండకి కరిగి బంకలా కారుతుంది, తర్వాత విప్పినవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

అన్నీ బిగించాక ఫ్యూజు పెట్టే తొందర వద్దు. ఫ్యూజు ఉండాల్సిన చోట ఆరు వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి రెండు వైర్లతో తగిలించండి. కీ ఆఫ్‌లో ఉండగా ఆ బల్బు వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది. బల్బు అడ్డం ఉన్నందువల్ల వైర్లు కాలవు, నింపాదిగా కిట్ పొడుగునా కదుపుతూ పోండి, ఎక్కడ కదిపితే బల్బు ఆరిందో అక్కడే తప్పు. బల్బు వెలగలేదంటే అప్పుడు 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి, అదీ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. పాత ఫ్యూజు మీద సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంటే ముందు అది తీసేయండి, బండ్లు తగలబడేది అలాగే.

ప్రశ్న: ఇంట్లో వైరింగ్ చేయించగా మిగిలిన వైరు కాయిల్ ఉంది. బండికి అదే వాడితే నష్టమేంటి? అదీ రాగే కదా. – కరీంనగర్

రాగే. కానీ తొడుగు ఇంటి కరెంటు కోసం మందంగా చేసింది, పది వైర్లు కలిపితే ట్యాంకు కింద పట్టదు. ఇంజన్ వేడికీ, పెట్రోలు చుక్కలకీ, ఆయిలుకీ తట్టుకునేలా చేసింది కాదు. గోడలో కదలకుండా పడి ఉండే వైరు వేరు, రోజంతా అదిరే బండిలో వైరు వేరు. ఆటో కేబుల్ అని అడిగి తీసుకోండి, మీటరుకి కొన్ని రూపాయల తేడా కోసం ఇంత ఆలోచన వద్దు.

ప్రశ్న: ఎజ్డీ 250 నాది. పొద్దున బండి తీయబోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటోంది. నిన్న కీ తీసేశాక కూడా డైనమో వైరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. కొత్త కిట్ తెప్పించాను, వేసేయనా అన్నా? – వరంగల్ నుంచి, ఇంజనీరింగ్ విద్యార్థి

ఆగు తమ్ముడూ. ఆ కిట్ పెట్టెలోనే ఉంచు. బండి ఆపగానే బ్యాటరీ వైరు ఒకటి పీకేయడం ఈరోజు నుంచే మొదలుపెట్టు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి రెగ్యులేటర్‌లో కటౌట్ పాయింట్లు అతుక్కుపోయాయి. కటౌట్ పని ఏంటంటే, డైనమో బ్యాటరీ కన్నా ఎక్కువ వోల్టేజీ ఇస్తున్నప్పుడే రెండింటినీ కలపడం, ఇంజన్ ఆగగానే విడదీయడం. అది విడిపోకపోతే కరెంటు వెనక్కి, బ్యాటరీ నుంచి డైనమోలోకి పోతుంది. వైరు వేడెక్కేది అందుకే. కొత్త కిట్ వేసినా అదే కరెంటు కొత్త వైర్లలో పారుతుంది, అంతే తేడా.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. ఇంజన్ ఆపి ఉండగా కీ ఆన్ చెయ్. ఛార్జింగ్ ఎర్ర లైటు వెలగాలి. ఆ లైటుకి ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క డైనమో ఉంటాయి. కటౌట్ అతుక్కుని ఉంటే రెండు పక్కలా ఒకే వోల్టేజీ కాబట్టి లైటు వెలగదు. బల్బు మాడిపోలేదని చూసుకున్నాక కూడా వెలగలేదంటే అనుమానం నిజమే. బ్యాటరీ తీసేసి, రెగ్యులేటర్ మూత విప్పి, అతుక్కున్న పాయింట్లు మెల్లగా విడదీసి, స్పిరిట్‌లో తడిపిన దళసరి కాగితం వాటి మధ్య లాగు. స్ప్రింగులు వంచొద్దు, స్క్రూలు తిప్పొద్దు, ఆ సెట్టింగ్ చెదిరితే మళ్లీ చేసేవాళ్లు ఈరోజుల్లో తక్కువ. అక్కడ పాయింట్లు గుంటలు పడి ఉంటే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు దొరుకుతున్నాయి, మార్చేయడమే తెలివైన పని. డైనమో కార్బన్లు (బ్రష్‌లు) కూడా ఒకసారి చూడు, అరిగిపోతే నిప్పులు చిమ్మి లోపల తిరిగే ఆర్మేచర్‌ని పాడుచేస్తాయి.

మైసూరులో ఎజ్డీ ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, ఇప్పుడు మార్కెట్లో పాత ఎజ్డీకి వచ్చే విడిభాగాలన్నీ బయటివాళ్లు చేసినవే. 2022లో మళ్లీ వచ్చిన ఎజ్డీలో పాతది పేరు ఒక్కటే, దాని ఎలక్ట్రికల్ సామాను నీ బండికి ఏదీ పనికిరాదు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. తెనాలిలో ఉన్న తాతగారి బండిని మా బాబాయి చేత రీస్టోర్ చేయించాం. ఛాసిస్‌కి పౌడర్ కోటింగ్, కొత్త వైరింగ్ కిట్, కొత్త బ్యాటరీ, అన్నీ కొత్తవే. ఒక్క లైటూ వెలగట్లేదట. వీడియో కాల్‌లో ఏం చెప్పమంటారు?

పౌడర్ కోటింగే మీ జబ్బు. అది కరెంటుని ఆపే ప్లాస్టిక్ పొర, వాళ్లు బోల్టు రంధ్రాలతో సహా అంతా పూసేస్తారు. పాత బండిలో ఎర్త్ అంటే ఛాసిస్సే కదా, ఇప్పుడు దానికీ వైరుకీ మధ్య అందమైన నల్ల గోడ ఉంది.

బాబాయిగారిని బ్యాటరీ మైనస్ నుంచి పొడుగాటి వైరు ఒకటి లాగి, హెడ్‌లైట్ హోల్డర్ లోహానికి ముట్టించమనండి. వెలిగిందా, సరే. వెనక టెయిల్ లైట్ దగ్గర కూడా అంతే. కిట్ ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించే చోట థింబుల్ (వైరు చివరి లోహపు రింగు) కూర్చునే మేరకు పూత గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే తుప్పు పట్టదు. ఇంజన్ బోల్టుల దగ్గర కూడా ఒక చోట గీకాలి, లేదంటే స్పార్క్ వచ్చిరానట్టు ఉంటుంది.

ఇది ఇక్కడితో ఆపకండి. హెడ్‌లైట్ ఎర్త్ మామూలుగా ఎటు పోతుందో చూడండి, డూమ్ నుంచి ఫోర్క్‌లోకి, అక్కడి నుంచి స్టీరింగ్ గుండ్ల మీదుగా, గ్రీజులో ఈదుకుంటూ ఛాసిస్‌లోకి. కొత్తలో కంపెనీ వాళ్లకి అది చెల్లింది, ఇప్పుడు చెల్లదు. డూమ్ నుంచి నేరుగా బ్యాటరీ మైనస్ దాకా ఒక ఎర్త్ వైరు, టెయిల్ లైట్ నుంచి ఇంకొకటి, కిట్‌లోనే కలిపి చుట్టించేయండి. బయటికి కనపడదు, ఒరిజినల్ అందం ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఎలాగూ కిట్ మారుస్తున్నాను కదా, పన్నెండు వోల్టులకి మార్చేసుకుంటే పోలా? – గుంటూరు

డైనమో బదులు ఆల్టర్నేటర్ (ఏసీ కరెంటు పుట్టించేది) ఉన్న బండి అయితే ఆలోచించవచ్చు. బ్యాటరీ, బల్బులన్నీ, హారన్, ఫ్లాషర్, ఇగ్నిషన్ కాయిల్, పన్నెండు వోల్టుల రెగ్యులేటర్ రెక్టిఫయర్, ఇవి మారాలి. పాత ఆల్టర్నేటర్ చాలావరకు అలాగే పనిచేస్తుంది, కాకపోతే తక్కువ స్పీడులో ఛార్జింగ్ తక్కువగా ఉంటుంది, ఊళ్లో ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్లకి బ్యాటరీ టెన్షన్ తప్పదు. డైనమో బండికైతే ఇది ఇంత సులువు కాదు. ఆరు వోల్టుల కాయిల్‌ని పన్నెండు మీద పెట్టి "నడుస్తోందిగా" అని తిరగకండి, కాయిల్ కాలుతుంది, పాయింట్లు కాలతాయి.

ప్రశ్న: నా బండికి యాభై ఏళ్లు నిండాయి. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెడదామనుకుంటున్నాను. కొత్త వైరింగ్ వేస్తే ఒరిజినల్ కాదని తిరగ్గొడతారా? – సికింద్రాబాద్

2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకి వర్తిస్తాయి. వైరింగ్ ఆ జాబితాలో లేదు, నిశ్చింతగా వేసుకోండి. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా చేయించుకునేవాళ్లకి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే వింటేజ్ కింద నమోదయ్యాక ఆ బండిని రోజువారీ వాడకానికి తీయకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అంటే సరే. మీరు దాని మీదే రోజూ ఆఫీసుకి వెళ్తుంటే దరఖాస్తు పెట్టే ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి.