టెక్ సందేహాలు: ఫోన్లు 24 ఉంటే లైన్లూ 24 కావాలా?

మాది గుంటూరులో మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఆఫీసు, గోడౌన్ కలిపి 24 ఫోన్లున్నాయి. పాత ఇంటర్‌కమ్ బాక్స్ మొరాయిస్తోంది. కంప్యూటర్‌లో పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజ్) సాఫ్ట్‌వేర్ వేసుకుని, 24 చానెళ్ల సిప్ ట్రంక్ (నెట్ మీదుగా వచ్చే టెలిఫోన్ లైను) తీసుకోమంటున్నారు. మా ట్యాలీ సిస్టమ్‌లోనే వేయొచ్చా?
– ఒక పాఠకుడు

సాఫ్ట్‌వేర్‌కి మారడం మంచి ఆలోచనే. 24 చానెళ్లు తీసుకునే ముందు మాత్రం కాస్త ఆగండి. చానెల్ అంటే ఒకసారికి ఒక బయటి కాల్ నడిచే దారి. గోడౌన్ కుర్రాడు ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆ కాల్ మీ ఆఫీసు నెట్‌వర్క్ దాటి బయటకు పోదు, దానికి చానెల్ అక్కర్లేదు. బయటి నుంచి వచ్చేవి, బయటకు వెళ్లేవే లెక్క.

ఒక వారం పాటు ఫోన్ పక్కన నోట్‌బుక్ పెట్టి, కాల్‌కో గీత గీయించండి. ఉదయం 10 నుంచి 11 దాకా మెడికల్ షాపులవాళ్లు ఆర్డర్లు చెప్పే వేళ అనుకుందాం. 60 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు. మొత్తం 180 నిమిషాలు, అంటే 3 లైన్లు గంటసేపు ఖాళీ లేకుండా నడిచినంత. అలాగని 3 చాలవు. షాపులవాళ్లు వరసలో నిలబడి చేయరు కదా, అయిదారుగురు ఒకేసారి చేస్తారు. ఈ లెక్క తేల్చే సూత్రాన్ని డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లోనే ఇచ్చాడు. దాని ప్రకారం 8 చానెళ్లుంటే నూటికి ఒక్క కాల్‌కి మించి ఎంగేజ్ టోన్ రాదు. 6తో సరిపెడితే నూటికి అయిదు పోతాయి. అలా పోయిన ఆర్డరు పక్క డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్తుంది. అందుకే మీ గీతల లెక్క తేలేదాకా ఏ కొటేషన్ మీదా సంతకం పెట్టకండి.

నెట్ గురించి పెద్ద టెన్షన్ వద్దు. గొంతును డేటాగా మార్చే మామూలు పద్ధతి, అంటే జీ.711 కోడెక్‌లో, ఒక్కో కాల్‌కి అటు 90, ఇటు 90 కేబీపీఎస్ లోపే పడుతుంది. 8 కాల్స్ కలిపినా ఒక ఎంబీపీఎస్ దాటదు. అయితే సీసీ కెమెరాల వీడియో అప్‌లోడ్ అవుతున్నప్పుడు మాట తెగుతుంది. రౌటర్‌లో వాయిస్‌కి ప్రాధాన్యం పెట్టించండి.

ట్యాలీ సిస్టమ్‌లో మాత్రం వద్దే వద్దు. అప్‌డేట్ అని ఎవరో రీస్టార్ట్ కొడతారు, ఆఫీసు మొత్తం మూగబోతుంది. ఆస్టరిస్క్ లాంటి ఉచిత పీబీఎక్స్ లైనక్స్ మీద నడుస్తుంది, మీ స్థాయికి ఓ చిన్న కంప్యూటర్ చాలు. దాన్ని, రౌటర్‌ని, ఫైబర్ మోడెమ్‌ని, ఫోన్లకు కరెంటిచ్చే పీఓఈ స్విచ్‌ని ఒకే యూపీఎస్ మీద పెట్టండి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా కరెంటు పోగానే ఫోన్లు పోతాయి.

మొదటి రోజు రెండే ఫోన్లు కలిపి ఒకదాన్నుంచి ఇంకోదానికి చేసి చూడండి. తర్వాత ట్రంక్. ముందు ఇన్‌కమింగ్, ఆ తర్వాత అవుట్‌గోయింగ్. బిల్లుబుక్ మీద అచ్చయిన పాత నంబరును కొన్నాళ్లు అలాగే ఉంచి, గేట్‌వే (పాత లైనును నెట్ ఫోన్‌కి కలిపే పెట్టె) ద్వారా కొత్త పీబీఎక్స్‌కి కలపండి. పాత బాక్స్‌ని అప్పుడే అమ్మేయకండి.

పీబీఎక్స్ పెట్టించాం. ఫోన్ మోగుతోంది, మా మాట అవతలివాళ్లకు వినపడుతోంది, వాళ్ల మాట మాత్రం మాకు రావడం లేదు.
– ఒక పాఠకురాలు

కాల్ కలిపే సంకేతాలదొక దారి, గొంతుదొక దారి. సంకేతాలు మామూలుగా 5060 నంబరు పోర్టులో (నెట్ డేటా వచ్చిపోయే ద్వారం) వెళ్తాయి. గొంతుకు చాలా ఆస్టరిస్క్ సెటప్‌లలో 10000 నుంచి 20000 దాకా ఉన్న పోర్టులు వాడతారు. అవతలివాళ్లు గొంతు ఎక్కడికి పంపాలో మీ పీబీఎక్స్ ఒక చిరునామా రాసి పంపుతుంది. పీబీఎక్స్ లాగ్ (కాల్ మెసేజ్‌ల రికార్డు) తెరిచి, మీ వైపు నుంచి వెళ్లిన మెసేజ్‌లో ‘సీ’ అక్షరం, ఈక్వల్ గుర్తుతో మొదలయ్యే లైను చూడండి. అక్కడ 192.168తో మొదలయ్యే నంబరుంటే తప్పు దొరికినట్టే. అది మీ ఆఫీసు లోపలి చిరునామా, బయటివాళ్లకు పనికిరాదు. పీబీఎక్స్‌లో బయటి ఐపీ చిరునామా, లోపలి నెట్‌వర్క్ రెండూ సరిగ్గా నింపండి. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. మేలు చేస్తున్నాననుకుని చిరునామాలు చెడగొట్టేది చాలాసార్లు అదే.

మా అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు. మా ఆఫీసు పీబీఎక్స్‌లో వాడికో ఎక్స్‌టెన్షన్ (లోపలి నంబరు) ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు

మీతో మాట్లాడటానికైతే వీపీఎన్ (నెట్ మీద మీ ఆఫీసుకి వచ్చే రహస్య దారి) పెట్టి ఇవ్వండి. అక్కడి నుంచి మీ ట్రంక్ మీదుగా ఇక్కడి బయటి నంబర్లకు చేసుకోనివ్వకండి. విదేశీ కాల్‌ని అలా లోకల్ లైన్‌లోకి మళ్లించడం మన నిబంధనలకు విరుద్ధం. 201 ఎక్స్‌టెన్షన్‌కి 201 అనే పాస్‌వర్డ్ పెట్టే అలవాటుంటే ఈరోజే మార్చండి. మీ లైను మీద విదేశాలకు కాల్స్ చేసుకునే దొంగలు మొదట కొట్టి చూసేది అదే. ఐఎస్‌డీ అవసరం లేకపోతే టెలికాం కంపెనీ దగ్గరే ఆపించేయండి.