స్టైపెండ్ 8 వేలు, కిస్తీ 5 వేలు: ఈ లెక్కతో బండెక్కకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 23. బీకాం చదివి ఇక్కడే మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూస్తున్నాను, జీతం 14 వేలు. హైదరాబాద్‌లో ఒక నాటక సంస్థ ఏడాది ఇంటర్న్‌షిప్‌కి నన్ను తీసుకుంది. లైటింగ్, స్టేజీ పనులు నేర్పుతారు. స్టైపెండ్ నెలకి 8 వేలు, వచ్చే నెలే చేరాలి. బ్యాంకులో 38 వేలు, సిప్‌లో (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) 22 వేలు ఉన్నాయి. ఒక యాప్‌లో లక్ష లోన్ వస్తోంది, 24 శాతం వడ్డీ, రెండేళ్ల గడువు. పాత ల్యాప్‌టాప్ ఉంది కానీ 45 వేలు పెట్టి కొత్తది కొంటాను. రూము అడ్వాన్సుకి 20 వేలు పోతాయి. మిగతాది చేతిలో ఉంటుంది. అమ్మేమో తన గొలుసు తాకట్టు పెడదామంటోంది. నెలకి 2 వేల సిప్ ఆపాలా, కొనసాగించాలా?

జవాబు: సిప్ గురించి అడిగారు. లోన్ గురించి మాత్రం అడగలేదమ్మా, మీకు మీరే తేల్చేసుకున్నారు. నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. అందుకే ఈ వారం మీ ఉత్తరం తీసుకున్నాను.

లక్షకి 24 శాతం, రెండేళ్లు అంటే నెల కిస్తీ సుమారు 5,290. మొత్తం కట్టేది దాదాపు 1 లక్షా 27 వేలు. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసేస్తారు కాబట్టి చేతికి లక్ష కూడా రాదు. ఇక హైదరాబాద్‌లో హాస్టల్, తిండి కలిపి 6,500, తిరగడానికి 1,200, ఫోను, సబ్బులు, చిల్లర ఖర్చులు 1,800 అనుకుందాం. ఎంత పొదుపుగా ఉన్నా 9,500. స్టైపెండ్‌కి ఇక్కడే 1,500 తక్కువ. కిస్తీ కలిపితే నెలనెలా 6,800 లోటు. ‘చేతిలో ఉంటుంది’ అన్న ఆ 35 వేలు ఏమవుతాయో చూడండి: ఆరు కిస్తీలు కట్టేసరికి మూడు వేల చిల్లర మిగులుతుంది. అంటే అప్పు తెచ్చి, ఆ డబ్బుతోనే ఆ అప్పు కిస్తీలు కట్టడం. ఇంటర్న్‌షిప్ అయిపోయాక కూడా ఇంకో ఏడాది కిస్తీలుంటాయి. అప్పటికి సంస్థ ఉద్యోగంలోకి తీసుకుంటుందని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇంకో మాట. నాటక సంస్థకి డబ్బు ప్రదర్శనల మీద వస్తుంది. షో వేయించినవాళ్లు బిల్లు ఆలస్యం చేస్తే ముందు ఆగేది ఇంటర్న్ స్టైపెండే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక నెలల తరబడి తెర లేవలేదు. ఇంటి వైపు చూస్తే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాని ఏం చేసిందో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో అలాంటిది వచ్చి మీరు ఉన్నపళంగా బయల్దేరాలంటే టికెట్టు డబ్బులు ఎక్కడివి? కిస్తీకి దాచినవేనా?

అందుకే మీకు కావాల్సింది లోన్ కాదు, అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు, అంటే 57 వేలు. అది లేకుండా పర్లాకిమిడి దాటకండి. ఇందులో 38 వేలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, కావాల్సింది 19 వేలే. సంస్థకి ఫోన్ చేసి మూడు నెలలు ఆగి చేరతానని అడగండి. మీరు ఇంట్లోనే ఉంటారు కాబట్టి, సిప్ ఆపేసి నెలకి 7 వేలు పక్కన పెడితే 21 వేలవుతాయి. ఒప్పుకోకపోతే సిప్‌లో ఉన్న 22 వేలు తీసేసి వచ్చే నెలే వెళ్లండి. 60 వేలతో అప్పు లేకుండా దిగుతారు. మార్కెట్ కాస్త కిందున్నా పర్వాలేదు, తీసేయండి. ఈ నిధిని వేరే ఖాతాలో, యూపీఐకి లింక్ చెయ్యకుండా పెట్టుకోండి. టీకి స్కాన్ చేసే ఖాతాలో ఉంటే అది నిధి కాదు, జేబు ఖర్చు.

నెలకి 1,500 లోటు ఉంది కదా, దానికి మీ చేతిలో ఉన్న పనే దారి. జీఎస్టీ రిటర్నులు వేయడం మీకు వచ్చే ఉంటుంది. ఇప్పుడు చేస్తున్న షాపువాళ్లనే అడగండి: 11వ తేదీకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను లెక్క తేల్చే 3బి నేనే వేస్తాను, నెలకి 2 వేలు ఇవ్వండి అని. రిహార్సల్స్ ఎక్కువగా సాయంత్రాలు కాబట్టి పొద్దున్న చేసుకోవచ్చు. దీనికి పాత ల్యాప్‌టాప్ చాలు. లైటింగ్ బోర్డు సంస్థదే ఉంటుంది, దాని మీదే నేర్చుకోండి. 45 వేల ల్యాప్‌టాప్ ఎందుకో మీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనిపించలేదు.

రూము వద్దు, హాస్టల్ చూసుకోండి. సాధారణంగా నెల అడ్వాన్సుతో పని అయిపోతుంది, ఖాళీ చేసేటప్పుడు గొడవ తక్కువ. అమ్మ గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి. యాప్ కంటే అది నయమే, కానీ ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ఆఖరి ఆసరా అదే.

నిచ్చెన ఎక్కి లైట్లు బిగించే పని మీది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా బ్యాంకు ఖాతా నుంచి ఇవాళే పెట్టుకోండి, ప్రమాద బీమా 2 లక్షలు. ఆరోగ్య పాలసీ కూడా బయల్దేరే ముందే తీసుకోండి. జబ్బులకి మొదటి 30 రోజులు వెయిటింగ్ ఉంటుంది, అంటే క్లెయిమ్ రాదు, ఇక్కడున్నప్పుడే అది గడిచిపోవాలి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కూడా.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ నెలకి 5 వేల లెక్కన రెండేళ్లు ఇస్తుంది. 18 నుంచి 25 ఏళ్ల వయసు, గురువు దగ్గర అయిదేళ్ల శిక్షణ ఉండాలి. మీకు ఆ శిక్షణ ఉంటే అప్లై చేయండి, అయితే వచ్చేది ఆరు నెలలకోసారి, కాబట్టి నెల ఖర్చుల లెక్కలోకి తీసుకోకండి.

యాప్‌లో ఆధార్, సెల్ఫీ ఇచ్చేసి లోన్ ఇంకా తీసుకోకపోతే అక్కడితో ఆపేయండి. డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే అగ్రిమెంటులో కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో ఇవాళే చూడండి. ఆ గడువులోపు అసలు, వాడిన రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. కట్టాక లోన్ క్లోజ్ అయినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.