ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో ఏం చేస్తారు?

ప్రశ్న: మిర్యాలగూడలో మా నాయినకు హెర్నియా ఆపరేషన్ అయ్యింది. అయ్యాక కూడా చాలాసేపు పక్క గదిలోనే పెట్టారు, మమ్మల్ని రానియ్యలేదు. లోపల గజగజ వణికాడట. ఏమన్నా దాచారా సిస్టరమ్మా?

జవాబు: దాచేదేం లేదు తమ్ముడూ. నల్లగొండలో నా సర్వీసు సగం ఆ రికవరీ గదిలోనే గడిచింది. మత్తు దిగేదాకా నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడొచ్చు, బీపీ పడిపోవచ్చు. అందుకే మొదట్లో ఐదేసి నిమిషాలకోసారి చూస్తాం. వణుకు మామూలే. మత్తుకు ఒళ్లు చల్లబడుతుంది, దుప్పటి కప్పి ఆక్సిజన్ పెడతాం.

వార్డుకు పంపాలంటే ఆల్డ్రెట్ స్కోరని 1970 నాటి లెక్క ఒకటుంది. కాళ్లూచేతుల కదలిక, ఊపిరి, బీపీ, స్పృహ, ఆక్సిజన్: ఒక్కోదానికి రెండు మార్కులు. మొదట్లో ఆక్సిజన్ బదులు ఒంటి రంగు చూసేవాళ్లు, ఇప్పుడు వేలికి క్లిప్పు పెడుతున్నారు. మామూలుగా పదికి 9 వస్తేనే మంచం కదిలేది.

చుట్టాలను ఆపేదీ ఊరికే కాదు. ఒకాయన చాయ్ ఫ్లాస్కుతో లోపలికొచ్చి తండ్రి నోటికి అందించబోయాడు! మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కానీ బయటున్నోళ్లకు ఒక్క మాట చెప్పకపోవడం మాత్రం ఆ స్టాఫ్ తప్పే. మళ్లీ అవసరం పడితే తలుపు దగ్గరున్న సిస్టర్‌ను "స్కోరెంత వచ్చింది?" అని అడుగు, చెప్తుంది.