పదో తరగతి దాటిన పిల్లలు, వంద పేజీల నోటు పుస్తకం

అడిగిన చెల్లెమ్మకు వందనాలు. మీరు పాస్టరు కాదు, సండే స్కూలు టీచరు. చిన్నప్పుడు ముందు వరుసలో కూర్చుని గొంతెత్తి పాడిన పిల్లలు పదో తరగతి దాటగానే చర్చికి కనిపించకుండా పోతున్నారని, జీతమూ వేదాంత చదువూ లేని మామూలు విశ్వాసులు వాళ్ల కోసం ఏమి చేయగలరని అడిగారు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో బాప్టిస్టు సంఘస్థుణ్ణి. తపాలా శాఖలో పని చేసి రిటైరయ్యాను. పంతొమ్మిదేళ్లు సండే స్కూలు సూపరింటెండెంటుగా, మధ్యలో ఆరేళ్లు సంఘ కోశాధికారిగా కూడా చేశాను. నాకు తెలిసింది రాస్తాను. అందులో సగం నా తప్పుల వల్ల తెలిసిందే.

మా సండే స్కూల్లో ఒక అబ్బాయి ఉండేవాడు. పన్నెండేళ్లకే మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం తడుముకోకుండా అప్పజెప్పేవాడు. కంఠస్థ వాక్యాలు, బైబిలు క్విజ్, క్రిస్మస్ నాటకంలో యోసేపు వేషం, ఏది పెట్టినా వాడే ముందుండేవాడు. బహుమతులుగా వాళ్లింటికి చేరిన స్టీలు గిన్నెలకు లెక్క లేదు. "మా వంటింట్లో సగం సామాను సండే స్కూలుదే" అని వాళ్లమ్మ నవ్వేది. పదో తరగతి పరీక్షలకు ముందు బాప్తిస్మం తీసుకున్నాడు. జూన్‌లో విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరాడు. ఆ తర్వాత వాణ్ణి మా చర్చిలో చూసింది రెండు క్రిస్మస్‌లకే.

ఎనిమిదేళ్ల తర్వాత హైదరాబాదు నుంచి వచ్చే రాత్రి బస్సులో నా పక్క సీటు వాడిదే అయింది. చర్చికి వెళ్తున్నావా అని అడిగాను. అడగకుండా ఉండలేని జబ్బు నాది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "అంకుల్, ఇంటర్‌లో నేను తప్పాను. హాస్టల్లో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. ఆ రెండేళ్లలో సంఘం నుంచి మా ఇంటికి ఒక్కసారే ఫోను వచ్చింది, క్రిస్మస్ చందా ఇంకా అందలేదని" అన్నాడు.

ఆ ఫోను చేసింది నేనే. ఆ సంగతి వాడికి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పిడుగురాళ్లలో బస్సు ఆగితే దిగి టీ ఇప్పించాను. అంతకుమించి ఏమీ తోచలేదు.

అప్పటిదాకా నేను కూడా అందరిలాగే సెల్‌ఫోన్లను, సినిమాలను, చెడు స్నేహాలను తిట్టుకుంటూ గడిపాను. నిదానంగా ఆలోచిస్తే అసలు సంగతి వేరే ఉంది. మన పిల్లల్లో ఎక్కువమంది విశ్వాసం పోయి చర్చి మానడం లేదు. ముందు చర్చి పోతోంది, విశ్వాసం ఉందో పోయిందో తర్వాత ఎప్పుడో తేలుతోంది. రెసిడెన్షియల్ కాలేజీలో ఆదివారం అంటే చాలాచోట్ల పరీక్ష రోజు. బయటికి వదిలేది ఏ నెలకో ఒకసారి. పదహారు, పదిహేడేళ్ల వయసులో రెండేళ్లపాటు ఆరాధన లేదు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల లేదు, పలకరించే సంఘస్థులు లేరు. ఆ తర్వాత ఇంజనీరింగ్ హాస్టల్, ఆ తర్వాత ఉద్యోగం. మేమేమో సరిగ్గా ఆ ప్రయాణానికి ముందు నీళ్లలో ముంచి, పూలదండ వేసి, ఫొటో తీయించి పంపించేవాళ్లం. బాప్తిస్మం కాస్తా వీడ్కోలు సభ అయిపోయింది.

అందుకని మొదట చేసిన పని ఒక నోటు పుస్తకం కొనడం. ముప్పై మూడేళ్లు రిజిస్టర్లు రాసినవాణ్ణి, నాకు వచ్చిన విద్య అదే. ఊరు వదిలిన ప్రతి బిడ్డకు ఒక పేజీ. కాలేజీ, హాస్టలు, తల్లిదండ్రులు చూడటానికి వెళ్లే ఆదివారం, పరీక్షల తేదీలు రాసి, చివరి గడిలో ఆ బిడ్డను కనిపెట్టుకుని ఉండే పెద్దవారి పేరు రాశాం. ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లలు, అంతకంటే వద్దు. సొంత బిడ్డలు, బంధువుల పిల్లలు కాకూడదు. ఎందుకంటే మేనమామ పలకరిస్తే అది చుట్టరికం, ఏ సంబంధమూ లేని మనిషి పలకరిస్తేనే అది సంఘం. ఆడపిల్లలను స్త్రీలే చూసుకోవాలి. ఏ ఫోనైనా తల్లిదండ్రులకు తెలిసే చేయాలి. ఏ పెద్దా ఏ బిడ్డతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకూడదు. ఈ చివరి నియమానికి కొందరు నొచ్చుకున్నారు, "మమ్మల్ని అనుమానిస్తున్నారా?" అన్నారు. నొచ్చుకున్నా ఫరవాలేదని పట్టుబట్టాను. మీరు కూడా ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

ఇంకో నియమం నాలాంటి వాళ్ల కోసం పెట్టింది. మొదటి మూడు ఫోన్లలో బైబిలు చదువుతున్నావా అని అడగకూడదు.

మా సంఘంలో డెబ్బై దాటిన ఒక అవ్వ ఉంది. బజారులో కూరగాయలు అమ్ముతుంది, చదువు రాదు. ఆమె కూడా ఇద్దరు మగపిల్లలను తీసుకుంది. మనవడు నంబరు కలిపి ఇస్తే, "తిన్నావా నాయనా? పరీక్ష ఎన్నడు?" అనే రెండు ప్రశ్నలు వేసేది, అంతే. ఇంటర్ పరీక్షలు దగ్గరపడినప్పుడు వాళ్లకు ఎన్ని పేపర్లో కనుక్కుని అన్ని చింతపిక్కలు ఒక పాలడబ్బాలో వేసుకుంది. పేపరు ఉన్న రోజు తెల్లవారుజామున ప్రార్థన చేసి ఒక పిక్క తీసి పెరట్లో పారేసేది. వేసవి సెలవుల్లో ఆ ఇద్దరూ చూడటానికి వెళ్తే ఖాళీ డబ్బా తెచ్చి చూపించింది. ఒకడు ఆ డబ్బా ఇమ్మని అడిగాడట. "ఇస్తే మళ్లీ ఏడాదికి నాకేదిరా?" అని ఇవ్వలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాడని నేను సాక్ష్యం చెప్పలేను. కానీ అవ్వ కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు సెలవు పెట్టి వచ్చి మూడు రోజులు మంచం పక్కన ఉన్నాడు. బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాస్తూ అతని విశ్వాసం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి అవ్వ లోయి పేరు, తల్లి యునీకే పేరు ఎత్తాడు. సంఘ కాపరి పేరు ఎత్తలేదు. ఈ మాట మా పాస్టరు గారితో అంటే ఆయన కూడా నవ్వారు.

ఇక ఊళ్లో ఉండి చదువుకునే పిల్లల సంగతి. మేము వాళ్లకు అప్పగించిన సేవ ఏమిటంటే కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడం. కాస్త చురుకైనవాడైతే మైకు సెట్టు. దాన్ని "యౌవనస్థుల పరిచర్య" అని నివేదికలో రాసుకునేవాళ్లం. బస్సు సంగతి జరిగాక కమిటీలో నేను ఒక మాట పెట్టాను. కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర ఇద్దరు పెద్దలతో పాటు ఇద్దరు యౌవనస్థులు కూడా కూర్చోవాలి, నెల లెక్కలు వాళ్లు చూడాలి. పెద్ద గొడవే అయింది. చివరకు ఒక ఏడాది చూద్దామని ఒప్పుకున్నారు. రెండో నెలలోనే బీకాం చదివే అమ్మాయి, "కరెంటు పోయింది మూడు రోజులే, జనరేటరు డీజిలు మాత్రం ప్రతి నెలా ఒకే మొత్తం ఎలా అవుతోంది?" అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దాయన, "నిన్న కాక మొన్న పుట్టినదానివి, నువ్వు మమ్మల్ని లెక్క అడుగుతావా?" అని లేచి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి ఇక రాదనే అనుకున్నాను. వచ్చే ఆదివారం అందరికంటే ముందు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంది. డీజిలు లెక్క సరిచేయాల్సి వచ్చింది. ఇప్పుడు సంఘ లెక్కలు రాసేది ఆమే, పాస్టరు గారితో సహా అందరికీ ఆమె అంటే కాస్త భయం.

సంఘ ఎన్నికల గురించి ఎక్కువ రాయను. పెద్దలు రెండు వర్గాలుగా చీలి ఆస్తి కోసం కోర్టుకెక్కిన చోట సండే స్కూలు ఎంత బాగా నడిపినా నిలవదు. పిల్లలకు చెవులు ఉంటాయి.

తెలుగు చదవడం రాకపోవడం ఇంకో చిక్కు. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకుని పక్కవాళ్ల పెదవులు చూసి పాడుతున్నారు. ఇక బైబిలేమో "నిష్కపటమైన", "అభ్యసింపజేసి" వంటి గ్రాంథికంలో ఉంది. ఇంగ్లీషు ఆరాధన పెడదామన్నారు కొందరు. నాకు ఇష్టం లేకపోయింది. ఆ బిడ్డ ఇంగ్లీషులో ప్రార్థన చేస్తే పక్కన ఉన్న అవ్వ ఆమేన్ ఎలా అంటుంది? ఆరాధనకు ముందు అరగంట, నలుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషిని కూర్చోబెట్టి ఒక అధ్యాయం గట్టిగా చదివించాం. తప్పు చదివితే దిద్దడం, మాట అర్థం కాకపోతే చెప్పడం, అంతే. కొన్ని మాటలకు మా పెద్దలకే అర్థం తెలియదని అప్పుడు బయటపడింది. ముసలివాళ్లు ఇంటికి వెళ్లి నిఘంటువు వెతుక్కోవడం ఆ పిల్లలకు భలే సరదాగా ఉండేది. తెలుగు మార్కులు పెరుగుతున్నాయని తల్లిదండ్రులే తీసుకొచ్చి దించడం మొదలుపెట్టారు. వాళ్లు ఏ కారణంతో తెచ్చినా మంచిదే.

ఒంగోలు పక్కనే ఉండి కూడా మా పిల్లలకు మన చరిత్ర తెలియదు. తెల్లదొరలు వచ్చి మతం ఇచ్చారని కాలేజీలో ఎవరో అంటే బదులు చెప్పలేక వచ్చారు. ఒక జనవరి ఒకటో తేదీన తెల్లవారకముందే, 1854లో అదే రోజున అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర ప్రార్థన చేసిన ఒంగోలు కొండ ఎక్కించాను. దారిలో కథ చెప్పాను. ఆ రోజు కొండ మీద ఆయన, ఆయన భార్య, కొందరు తెలుగువాళ్లు, అంతా కలిసి గుప్పెడు మంది. 1866లో, ఆయన తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చిన ఏడాదే, తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని, తిరిగి తన ఊరి చుట్టుపక్కల తనవాళ్లకే చెప్పాడు. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ రోజు నీళ్లలో నిలబడి ముంచింది క్లౌ దొర కాదు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకున్న ఆరుగురు తెలుగు బోధకులు. "ఆ ఆరుగురి మునిమనవలు మన చర్చిలో ఉన్నారా అంకుల్?" అని ఒకడు అడిగాడు. తెలియదన్నాను. వెతుకుతామని బయల్దేరారు, ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఇది మీకూ వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు కాగితాలు సర్దుకుంటున్న ఒక కుర్రవాడు బైబిలు తరగతిలో అందరి ముందు అడిగాడు: "కులపత్రంలో ఒక మతం, ఆదివారం ఒక మతం. అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్న తొమ్మిదో ఆజ్ఞ మాటేమిటి?"

చాలాచోట్ల పెద్దలు ఇక్కడే నోరు మూయిస్తారు. అంతకుముందు నేనూ అదే చేసి ఉండేవాణ్ణి. ఆ రోజు మాత్రం తెలిసింది తెలిసినట్టు చెప్పాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసిందని, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా క్రైస్తవులను చేర్చలేదని, అందుకే మనవాళ్లలో కొందరు పత్రంలో హిందువులుగానే ఉంటారని, మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ మాత్రమే ఉందని. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో వాళ్లు కులం మరచిపోరని కూడా. ఆ తర్వాత, ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి నోట వచ్చింది. మా నాన్న మా అన్నకు ఒక రకం పత్రం రాయించాడు, నాకు ఇంకో రకం. అన్నకు ఉద్యోగం త్వరగా వచ్చింది, నాకు ఆరేళ్లు ఆలస్యమైంది. ఆ ఆరేళ్లూ నేను అన్నతో సరిగా మాట్లాడలేదు. నాన్న ఏ పత్రం దగ్గర తప్పు చేశాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదని చెప్పాను.

ఆ కుర్రవాడికి జవాబు దొరకలేదు, నా దగ్గర లేదు కూడా. కానీ ఆ రోజు తరగతి అయ్యాక ఎవరూ లేచి వెళ్లలేదు. ఒక అమ్మాయి పెళ్లి సంబంధాల్లో మనవాళ్లు చూసే కులం గురించి ఎత్తింది. ఇంకొకడు తనకు ప్రార్థన చేస్తే గోడతో మాట్లాడినట్టు ఉంటుందన్నాడు. మధ్యాహ్నం రెండు దాటింది, ఇళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పంతొమ్మిదేళ్లలో నేను నడిపిన తరగతుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

ఇదంతా చదివి నా ఇల్లు చక్కగా ఉందనుకోకండి. మా పెద్దవాడు చర్చికి వెళ్లడు. ఊరందరి పిల్లలకూ వాక్యం చెప్పిన రోజుల్లో వాడితో నేను కూర్చున్నది తక్కువ, కోప్పడింది ఎక్కువ. నోటు పుస్తకంలో వాడికీ ఒక పేజీ ఉంది. నియమం ప్రకారం చివరి గడిలో నా పేరు లేదు, నా పాత సహోద్యోగి ఒకాయన పేరు ఉంది. ఇద్దరూ ఫోనులో ఎక్కువగా క్రికెట్టు గురించే మాట్లాడుకుంటారట. నేను అడగను.

జూన్ వస్తోంది. మీ పిల్లలు పెట్టెలు సర్దుకోకముందే పుస్తకం కొనండి, వంద పేజీలది చాలు. గడులు ఎలా గీయాలో కావాలంటే ఇక్కడే అడగండి, మా పుస్తకంలో ఒక ఖాళీ పేజీ ఫొటో తీసి పెడతాను.