ఇండస్ట్రియల్ డిజైన్ విద్యార్థి బొమ్మల ప్రాజెక్టులో పర్యావరణాన్నీ, ఆటనూ ఎలా కలపాలి?

చాలామంది ముందు "రీసైకిల్ చేసిన ప్లాస్టిక్" అనే పదార్థం ఎంచుకుని, ఆట సంగతి తర్వాత చూస్తారు. నా దృష్టిలో అది తలకిందుల పని. పిల్లలు రెండు రోజుల్లో వదిలేసే బొమ్మ దేనితో చేసినా వృథాయే.

ఆంధ్రప్రదేశ్‌లో చెక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక ఊరికి వెళ్లి చూడండి. అక్కడి బొమ్మ మెత్తటి అంకుడు కర్రతో చేస్తారు. లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. పెయింట్, థిన్నర్ అక్కర్లేదు. పసుపు, నీలిమందు లాంటి సహజ రంగులు కూడా వాడతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది.

ఆట కోణానికి, పారేసే వస్తువులతో బొమ్మలు చేసి పిల్లలకు సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా పని చూడండి. అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో కలిపితే చతురస్రం ఊగిపోతుంది, త్రిభుజం గట్టిగా నిలబడుతుంది. ఎందుకో పిల్లలే కనిపెడతారు. విప్పి మళ్లీ ఇంకోటి కడతారు, అదే నాకు ఎంతో ఇష్టం.

మీ నమూనాలోనూ జిగురు బదులు విప్పదగిన అతుకులు పెట్టండి. రకరకాల పదార్థాలు అతికిస్తే రీసైక్లింగ్ కష్టం. మూడేళ్ల లోపు పిల్లలకైతే మింగగలిగేంత చిన్న ముక్కలు అసలు ఉండకూడదు.