డాక్టర్ సలహా: మడమలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మ వయసు 56 ఏళ్లు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. ఎనిమిది నెలలుగా కుడి మడమలో నొప్పి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే గాజుపెంకు గుచ్చుకున్నట్లు ఉంటుందంటుంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, మడమ ఎముక కొద్దిగా పెరిగిందని చెప్పి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేద్దామన్నారు. దాంతో ఎముకలు కుళ్లిపోతాయని, ఒకసారి మొదలుపెడితే ఇక మానడం కుదరదని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు. ఇంతకుముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి వచ్చినప్పుడల్లా సూది వేయించుకునేది. మోకాళ్లు కూడా నొప్పిగానే ఉన్నాయి, వాటికీ అదే రోజు వేయించవచ్చా? – ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, మీ అమ్మగారిది చాలామటుకు మడమ శూల, అంటే ప్లాంటార్ ఫేషియైటిస్ అయి ఉండాలి. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద దళసరి పట్టీలాంటి పొర ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి గట్టి నేల మీద నిలబడి పనిచేసేవారిలో అది మడమ దగ్గర దెబ్బతిని, రాత్రంతా ముడుచుకొని ఉండి, పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగడం వల్ల ఆ నొప్పి వస్తుంది. ఎక్స్‌రేలో కనిపించిన ఎముక పెరుగుదల గురించి మాత్రం దిగులు పడకండి. ఏ నొప్పీ లేనివారిలోనూ అది తరచుగా కనిపిస్తుంది, దాన్ని తీసేయాల్సిన అవసరం సాధారణంగా రాదు.

ఇక ఇరుగుపొరుగు వారి భయం గురించి. అది పూర్తిగా లేనిపోని భయం కాదు, కానీ దాన్ని ఈ ఇంజెక్షన్‌కు అంటగట్టడం సరికాదు. స్టెరాయిడ్‌ను మాత్రల రూపంలోనో, పిరుదుకో చేతికో వేసే సూదుల రూపంలోనో ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినప్పుడు తుంటి కీలులోని బంతిలాంటి ఎముకకు రక్తం అందక అది చచ్చుబడిపోవడం నిజంగానే జరుగుతుంది. ‘ఎముకలు కుళ్లిపోవడం’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. మందు ఒళ్లంతా పాకకుండా నొప్పి ఉన్న చోటనే ఎక్కువగా పనిచేయాలన్న ఆలోచనతోనే 1950ల మొదటి నుంచి వైద్యులు స్టెరాయిడ్‌ను నేరుగా కీళ్లలోకి ఇవ్వడం మొదలుపెట్టారు. అనుభవమున్న డాక్టరు చేత్తో, సరైన చోట పడిన ఒక్క ఇంజెక్షన్ వల్ల ఎముకలు కుళ్లవు, దానికి అలవాటు పడిపోవడం కూడా ఉండదు.

అయితే ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న సూదుల విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. అలాంటి నొప్పి సూదుల్లో, పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని మాత్రల్లో స్టెరాయిడ్ ఉండటం మేము తరచుగా చూస్తున్నదే. నెలల తరబడి అవి ఒంట్లోకి వెళ్తే, శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి మానేస్తే విపరీతమైన నీరసం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం జరగవచ్చు. మీ అమ్మగారి ముఖం గుండ్రంగా ఉబ్బినట్లు ఉందా, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతోందా గమనించండి. ఎన్నాళ్లు, ఎన్ని సూదులు వేయించుకున్నారో ఎముకల డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆయన కోప్పడతారని చాలామంది ఈ మాట దాస్తారు. దయచేసి మీరు అలా చేయకండి.

ఇంజెక్షన్ ఎలా ఉంటుందో చెబుతాను, ముందే తెలిస్తే సగం భయం పోతుంది. సూదిని అరికాలి చర్మం గుండా కాకుండా, సాధారణంగా మడమ లోపలి పక్క నుంచి, చర్మం కాస్త మెత్తగా ఉన్న చోట గుచ్చుతారు. ట్రయామ్‌సినలోన్, మిథైల్ ప్రెడ్నిసలోన్ వంటి మందును మత్తుమందుతో కలిపి కొద్ది మోతాదులో ఇస్తారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఇచ్చే సౌకర్యం ఉంటే మరీ మంచిది. ఆ కొద్ది క్షణాలూ నొప్పిగానే ఉంటుంది. వెంటనే మడమ మొద్దుబారి నొప్పి మాయమైనట్లు అనిపిస్తుంది గానీ అది మత్తుమందు ప్రభావం మాత్రమే, కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఆ రాత్రి, మరుసటి రోజు నొప్పి మునుపటి కన్నా ఎక్కువ కావచ్చు. ‘ఇంజెక్షన్ వికటించింది’ అని చాలామంది కంగారుపడి ఫోన్ చేసేది ఆ సమయంలోనే. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలను పది నిమిషాలు పెట్టుకొని, డాక్టరు సరేనంటే పారాసిటమాల్ వేసుకుంటే రెండు రోజుల్లో అది తగ్గుతుంది. ఐసు మరీ ఎక్కువసేపు ఉంచకండి, షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గి ఉంటే చర్మం దెబ్బతిన్నా తెలియదు. అసలు మందు పనిచేయడం సాధారణంగా మూడో రోజు నుంచి వారంలోపు మొదలవుతుంది. ఆ ఉపశమనం ఎంతకాలం ఉంటుందన్నది మనిషిని బట్టి మారుతుంది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసిన, 2017లో వచ్చిన కోక్రేన్ సమీక్ష ప్రకారం మడమ నొప్పికి ఈ ఇంజెక్షన్ నెల రోజుల వరకు కొంత మేలు చేయవచ్చు, ఆ తర్వాత పెద్దగా తేడా కనిపించలేదు.

అంటే ఈ ఇంజెక్షన్ జబ్బును నయం చేయదు, నొప్పి తక్కువగా ఉండే కొన్ని వారాలను మాత్రం ఇస్తుంది. ఆ వారాల్లో మీ అమ్మగారు ఏం చేస్తారన్న దాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. పొద్దున మంచం దిగకముందే కూర్చొని, కుడి పాదాన్ని ఎడమ మోకాలి మీద పెట్టుకొని, ఒక చేత్తో కాలివేళ్లను వెనక్కి లాగి పట్టుకోమనండి. రెండో చేత్తో అరికాలిని తడిమితే లోపల తీగలాగా బిగుసుకున్న పట్టీ వేలికి తగులుతుంది. అది తగిలితే సరిగ్గా చేస్తున్నట్లే. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టుకొని వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా చేయాలి. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మడమ నేలకు అంటి ఉండగా ముందుకు వంగి పిక్కను సాగదీయడం కూడా అవసరం. చెప్పుల సంగతి అంతకన్నా ముఖ్యం. వంట చేసే చోట చెప్పులు విడిచి, బండల మీద గంటల తరబడి నిలబడటం మన ఆడవాళ్లకు అలవాటు. వంటగదికి మాత్రమే వాడుకునేలా మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు విడిగా ఒక జత కొనిపెట్టండి. షుగర్ ఉన్న పాదానికి అవి ఎలాగూ కావాలి.

షుగర్ విషయంలో జాగ్రత్త తప్పదు. ఇంజెక్షన్ తర్వాత కొన్ని గంటల నుంచే రక్తంలో చక్కెర పెరగడం మొదలై, మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి, చాలామందిలో వారంలోపు మామూలు స్థాయికి వస్తుంది. ఆ వారం రోజులూ గ్లూకోమీటర్‌తో పరగడుపున, భోజనం తర్వాత చూసి రాసిపెట్టుకోండి. 300 దాటితే వెంటనే డాక్టరుకు చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు పెంచవద్దు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ముందే చేయించండి. అది 8 దాటి ఉంటే, నేనైతే షుగర్ దారికి వచ్చేదాకా ఇంజెక్షన్ వాయిదా వేస్తాను.

మడమకు ప్రత్యేకంగా ఉండే ముప్పులు రెండు. ఇంజెక్షన్లు పదేపదే వేయిస్తే అరికాలి పట్టీ తెగిపోవచ్చు, మడమ కింద దిండులా ఉండే కొవ్వు కరిగి, అడుగేస్తే ఎముకే నేలకు తగులుతున్నట్లు అనిపించవచ్చు. ఆ కొవ్వు మళ్లీ రావడం కష్టం. అందుకే మడమ విషయంలో నేను రెండోసారికే వెనకాడతాను. మొదటి రెండు వారాలు బరువులు మోయడం, పరుగెత్తడం వద్దు. గుచ్చిన చోట చర్మం తెల్లబడితే బొల్లి అనుకొని హడలిపోకండి, సాధారణంగా కొన్ని నెలల్లో రంగు తిరిగి వస్తుంది. జ్వరం వచ్చినా, రెండు రోజులు దాటాక వాపు, ఎర్రదనం, నొప్పి పెరుగుతున్నా చీము పట్టిందేమోనని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది అరుదే, కానీ షుగర్ ఉన్నవారిలో ఆలస్యం చేయకూడదు.

మోకాళ్లకు అదే రోజు వేయించవద్దు. మందు మోతాదు పెరిగితే షుగర్ కూడా అంతకంతా పెరుగుతుంది. మోకాలు నీరు పట్టి వాచినప్పుడు ఇంజెక్షన్ కొన్ని వారాలు బాగానే ఆదుకుంటుంది. అయితే అరిగిన మోకాళ్లకు మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లపాటు స్టెరాయిడ్ ఇచ్చి, మరికొందరికి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చి పోల్చిన ఒక అమెరికా అధ్యయనం 2017లో వెలువడింది. అందులో నొప్పి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు సరికదా, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో కీలులోని మృదులాస్థి, అంటే మనవాళ్లు గుజ్జు అనేది, ఎక్కువగా అరిగింది. కాబట్టి వాపు లేకపోతే ముందుగా తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలు నేర్పించండి.

ఆరు వారాలైనా మడమ నొప్పి తగ్గకపోతే మరో ఇంజెక్షన్ అడగకుండా, ఎముకలో సన్నని చీలిక ఉందేమో, నరం నొక్కుకుందేమో మళ్లీ పరీక్షించమని అడగండి. వేసిన మందు పేరు, మోతాదు, తేదీ చీటీ మీద రాయించుకొని షుగర్ పుస్తకంలోనే ఉంచండి. మున్ముందు మోకాలికి ఇంజెక్షన్ వేయించి, ఆ తర్వాత మోకీలు మార్పిడి ఆపరేషన్ అనుకుంటే, రెంటికీ మధ్య కనీసం మూడు నెలల ఎడం ఉండాలి. ఆ రోజు సర్జన్ ముందుగా అడిగే చీటీ అదే.